ఎవరు విన్నా సరే

పుంతా అరేనస్‌లో పెద్ద గాలి లేచిన రోజున
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
మా రేకుల కప్పు రాత్రంతా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.
దాని కింద, గ్యాస్ పొయ్యి పక్కన,
నా పాత మాక్.

కింది వాటా కుర్రాడు నిబాల్దో
చేపల ఫ్యాక్టరీ వాసనతోనే వచ్చి నల్ల తెర తెరిచాడు.
"ఇది జావాలో రాసింది, ఏ యంత్రంలోనైనా నడుస్తుంది."
నడవలేదు.
అనుమతి లేదు, అంది.
నా ఇల్లు, నా కంప్యూటరు, నా ఫోల్డరు,
నాకే అనుమతి లేదట!
వాడు సుడో అని కొట్టాడు. పాస్‌వర్డు నన్ను కొట్టమన్నాడు.
ఎంత కొట్టినా తెరమీద ఒక్క చుక్క పడదు,
చీకట్లో సూదికి దారం ఎక్కించినట్టు.
రౌటర్లో ఒక తలుపు తీశాం.
దానికి నంబరుంది, గొళ్ళెం లేదు.
కాఫీ కప్పు బొమ్మ రెండుసార్లు గెంతి
మూడోసారికి కుదురుకుంది.

నేను పెట్టింది ఒకే ఒక్క ఫైలు.
అరవై ఎనిమిది చలికాలం, రేడియోలో
గొర్రెల ఫారాలకి నేను కబుర్లు చదివిన సాయంత్రం:
"ఓయార్సూన్ గారికి, పిండి బస్తాలు గురువారం లారీలో.
ఎర్నెస్తినా, నీ చెల్లెలికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.
రియో వెర్దే వైపు ఎవరు విన్నా సరే,
ఉన్ని కత్తిరించే వాళ్ళకి చెప్పండి, వంతెన పోయింది."
ఎవరు విన్నా సరే.
ఆ మాట మీదే నడిచేది మా స్టేషను.
రేడియో ఉన్నవాడు గుర్రమెక్కి
లేనివాడి దగ్గరికి వెళ్ళేవాడు.

ఒక రాత్రి ఎవరో లాగుతున్నారు. పేరు లేదు, అంకెలు.
తొంభై ఒకటో శాతం దగ్గర కరెంటు పోయింది.
చదువుతున్న ఉత్తరాన్ని
నేనే వాళ్ళ చేతిలోంచి లాక్కున్నట్టయింది.
అప్పట్నుంచి యంత్రం ఆపలేదు.
ఫ్యాను రొదకి పిల్లి అలవాటు పడింది.
పదమూడో రోజున అవే అంకెలు తిరిగొచ్చి
మిగిలిన తొమ్మిదీ తీసుకుని వెళ్ళిపోయాయి.
థాంక్సూ లేదు, ఏమీ లేదు.

ఆగస్టులో డిస్కు చచ్చింది.
లోపల ఎవరో గోటితో తలుపు తట్టినట్టు
టక్, టక్, తర్వాత అదీ లేదు.
క్యాసెట్టు ఏనాడో తడిసి పోయింది.
నిబాల్దో తల గోక్కున్నాడు.

కొత్త డిస్కు, మళ్ళీ నల్ల తెర, మళ్ళీ సుడో.
వెతికే గడిలో సిగ్గుపడుతూ నా పేరే కొట్టాను.
మూడు చోట్ల ఉన్నాను!
ఒకరు పేరు తప్పు రాశారు.
ఒకరు "గాలి చప్పుడు, నిద్రకి మంచిది" అని పెట్టుకున్నారు.
ముక్కలు ముక్కలుగా వచ్చాను,
వెనకది ముందు, ముందుది వెనక.
ఓయార్సూన్ పిండి కంటే ముందే వంతెన పోయింది.
మధ్యలో ఒక్క ముక్క కోసం నాలుగు రోజులు ఆగాం.
అది ఇచ్చినవాళ్ళది కిటికీల యంత్రమో పెంగ్విన్ యంత్రమో
వాడు చెప్పాడు, నాకు గుర్తులేదు.
అందులో ఉన్నది నా దగ్గు.
ఇరవై ఆరేళ్ళ గొంతుతో ఒకసారి దగ్గి,
"క్షమించాలి" అని, మళ్ళీ చదివాను.

ప్లగ్గు తీయొద్దు అని చీటీ రాసి గోడకి అంటించాను.
దాని కింద నిబాల్దో కోడిగీతల్లో రాశాడు:
గాలికి కూడా చెప్పండి.