నైలాన్ పోగు

సోమవారం స్టూడియోకి సెలవు.
కరీముల్లా గారి పెద్ద లెన్సు అడిగి తెచ్చుకున్నాను.
చంటిపిల్లంత బరువు. చున్నీలో చుట్టి
స్కూటీ ముందు నిలబెట్టి
రాణిగారితోట గట్టు దిగేసరికి ఐదుంబావు.

బ్యారేజీ గేట్లు మూసి నెలయింది.
కింద కృష్ణ ఇప్పుడు నదిలా లేదు,
తడి చాప ఎవరో దులిపి పోయినట్టు
అక్కడో మడుగు, ఇక్కడో మడుగు,
నడుమ ఇసక, ఇసకలో లారీ చక్రాల గాడి,
గాడిలో జానెడు నీళ్లు,
ఆ జానెడులో తెల్లారుతున్న ఆకాశం,
దాని మీద కాలు మోపి ఒక ఉల్లంకి.

బోర్లా పడుకున్నాను.
పక్షి కంటి ఎత్తుకి దిగకపోతే
ఫొటోలో పడేది పక్షి కాదు, వీపు.
మోచేతుల కింద బురద.
రైలు వంతెన మీద ఏదో ఎక్స్‌ప్రెస్ దడదడా పోయింది,
కొంగలు తల కూడా తిప్పలేదు.
నేను తుమ్మితే మాత్రం
మడుగంతా లేచిపోయింది.

మళ్లీ దిగాయి.
ఓపిక నాది కాదు, ఆకలి వాటిది.

పొడుగుకాళ్ల పిట్ట ఒకటి,
నల్ల రెక్కలు, సూది ముక్కు, గులాబీ కాళ్లు,
పారాణి ఆరకముందే నడవాల్సొచ్చిన దానిలా
ఒక్కో అడుగూ ఎత్తి, ఆలోచించి, వేస్తోంది.
సెకనులో రెండువేలో వంతు.
నూట నలభై సార్లు నొక్కాను.

రాత్రి, గవర్నర్‌పేట, మూడో అంతస్తు.
ఈ కుర్చీలోనే పగలంతా
పెళ్లికూతుళ్లని తెల్లగా చేస్తాను.
ఎంత జరపాలో అత్తగారు ఫోన్లో చెబుతుంది,
"ఇంకొంచెం. ఇంకొంచెం."
కొంగ దగ్గరకొచ్చేసరికి అంతా తలకిందులు.
ఉన్న తెలుపే ఎక్కువై
రెక్క కాలిపోయి సున్నం గోడైంది.
తగ్గించాను. ఇంకొంచెం. ఇంకొంచెం.
ఒక్కో ఈకా గోడలోంచి బయటికొచ్చింది.
తెలుపులో ఇన్ని నీడలుంటాయని
పదకొండేళ్లలో నాకెవరూ చెప్పలేదు.
నేనూ ఎవరికీ చెప్పలేదనుకోండి.

నూట నలభైలో నిలిచింది ఒక్కటి.
పొడుగుకాళ్లది. కంట్లో ఆవగింజంత సూర్యుడు,
ముక్కు కొసన నీటిబొట్టు.
వెనక నీళ్ల సీసా. తీసేశాను.
ఎవరో నదిలో వదిలిన బంతిపూల దండ. తీసేశాను.
కరెంటు స్తంభం, నాంచారయ్య థర్మోకోల్ తెప్ప,
తెప్ప పోయాక గాల్లో మిగిలిన ఆయన చెయ్యి,
అదీ తీసేశాను.
ఇంకా దగ్గరకి పెంచితే
ఎడమ కాలికి నైలాన్ పోగు.
తెగిన వల ముక్క. మూడు చుట్లు,
ఒక చుట్టు చర్మంలోకి దిగిపోయి.

పారాణి అన్నానే, పొద్దున.

తీయడం తేలికే.
పక్కనున్న చర్మం తెచ్చి పైన అద్దడమే,
మొటిమలకి రోజూ చేసే పని.
ఐదు నొక్కులు. కాలు నున్నగా వచ్చింది.
ఫొటో బాగుంది.
చాలా బాగుంది.
పక్కన టీ మీద మీగడ కట్టింది.

కంట్రోల్ జెడ్. ఒక చుట్టు వచ్చింది.
కంట్రోల్ జెడ్. ఇంకో చుట్టు.
వేలు ఆగలేదు.
నాంచారయ్య చెయ్యి వచ్చింది, తెప్ప వచ్చింది,
స్తంభం, దండ, సీసా,
నేను సరిచేసిన గీత కూడా జారిపోయి
కృష్ణ కాస్త ఎడమకి ఒరిగింది.

మంగళవారం సెలవు కాదు. అయినా వెళ్లాను,
కెమెరా లేకుండా,
కనుబొమల కత్తెర, పాత తువ్వాలు పట్టుకుని.
నాంచారయ్య నవ్వలేదు.
"పట్టుకుంటే బెదిరి చస్తదమ్మా. వదిలేస్తే కుంటతది."
కాసేపాగి, నేనడక్కుండానే,
"ఆ పోగు నా వలది కాదు" అన్నాడు.

మడుగులో నలభై దాకా ఉన్నాయి.
అన్నిటివీ గులాబీ కాళ్లే,
అన్నీ ఆలోచించే అడుగేస్తున్నాయి.
లెన్సుంటే దొరికేదేమో.

పదింటికి స్టూడియో.
కంచికచర్ల పెళ్లి, ఎనిమిది వందల ఫొటోలు.
పెళ్లికూతురి మెడ కింద
పాత కుట్ల గుర్తు, రెండంగుళాలు.
దగ్గరకి పెంచి చూస్తున్నాను.
ఫోను మోగుతోంది.