పదహారు

తెనాలి డాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాను,
పండుమిరప రంగు కారు.
పొట్టివాడి కోపంలా
చిన్న బండికి అంత ఇంజను.
ఒక్కటే లోటు. పక్కనుంచి చూస్తే
పట్టుచీర కట్టి హవాయి చెప్పులేసినట్టు
ఆ పదిహేనంగుళాల చక్రాలు.

గవర్నరుపేట ల్యాబులో రోజంతా
ఊళ్ళోవాళ్ళ నెత్తుట్లో అంకెలు చదివేదాన్ని,
నా టైరు పక్కన రాసున్న అంకెలు
అన్నాళ్ళూ చదవనేలేదు.

ఆటోనగర్. మధ్యాహ్నం రెండు.
రేకుల షెడ్డు ఎండకి చిటపటమంటోంది.
గోడనిండా మేకులకు వేలాడుతూ అల్లాయ్ చక్రాలు.
ఐదాకులవి, పదాకులవి,
కొడవలిలా వంపు తిరిగినవి.
ఎడ్లబండి చక్రానికి మల్లే వీటికీ
ఆకులే అంటాడు దరియావలి.
పద్దెనిమిది వైపు వేలు చూపించాను.
అతను నా వేలు చూళ్ళేదు.
కారు ముందు గొంతుక్కూర్చుని
టైరు పక్కగోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"బెత్తెడూ, పైన బొటనవేలూ. ఇంత రబ్బరుంది ఇప్పుడు.
రిమ్ము పెరిగితే ఇది తరగాలమ్మా,
మొత్తం ఎత్తు మాత్రం మారకూడదు.
మారిందా, స్పీడు ముల్లు అబద్ధాలు మొదలెడతాది.
పద్దెనిమిదికి నీకు మిగిలేది మూడు వేళ్ళు.
మూడు వేళ్ళ మీద
బెంజి సర్కిల్ నించి రామవరప్పాడు రింగుకి
వానాకాలం వెళ్తావా?"

గడ్డంతో మూల చూపించాడు.
వంగిన రిమ్ముల కుప్ప. ఒకటైతే అచ్చం
కొరికి వదిలేసిన అప్పడం.
"గన్నవరం కుర్రాడిది. కొన్న తొమ్మిదోరోజు."

నేను మొండిదాన్ని.
పదిహేడైనా వేసి చూడమన్నాను.
జాకీ దిగింది.
అబ్బ, ఎంత బావుందో!
భుజాలు విరుచుకుని నిలబడింది కారు.
ఎదురు షాపు వెల్డరు
మొహమ్మీది అద్దం ఎత్తి మరీ చూశాడు.
ఎక్కి కూర్చుని
స్టీరింగు కుడికి, ఆఖరిదాకా తిప్పాను.

గర్ర్ర్‌ర్.
మడ్‌గార్డు లోపల రబ్బరు గీరిన చప్పుడు,
పలక మీద గోరు.
ఎడమకీ అదే.

"ఆఫ్‌సెట్టు," అన్నాడు.
"చక్రం ఎంత లోపలికి కూర్చోవాలో, ఆ లెక్క.
ఇది పది మిల్లీమీటర్లు బయటికొచ్చింది.
చూపుకి కనపడదు. మలుపులో వినపడతాది."

నాకు తెలుసు ఆ మాట.
రక్తం రెండు పాయింట్లు తగ్గితే
మొహంలో కనపడదు,
మూడో అంతస్తు మెట్ల మీద వినపడుతుంది.

అప్పుడు రెండు చేతుల్లో రెండు చక్రాలు పెట్టాడు.
ఎడంచేతిది పదిహేడు, బియ్యం బస్తాలా లాగింది.
కుడిచేతిది పదహారు. మసక వెండి, ఏడాకులు,
మురిపించేదేం లేదు.
"బరువు చక్రంలో వద్దు తల్లీ.
ఇంజను సంపాదించిందంతా దాన్ని తిప్పడానికే అయిపోద్ది."

పదహారు.
పాత వాటికి ఎంతిస్తావని గంటసేపు దెబ్బలాడాను.
మూడువేలు తగ్గించి, షట్టరు దించి,
తన సైకిలెక్కుతూ నవ్వాడు.
"ఇరవయ్యెనిమిది అంగుళాలు.
ఈ లైన్లో అందరికంటే పెద్దవి నావే."

పొద్దువాలాక ఊరికే వారధి మీదికి తీసుకెళ్ళాను.
కింద కృష్ణ, సగం ఇసక.
అతుకు అతుకునా అరచేతుల్లోకి చిన్న టకటక,
దెబ్బ కాదు, కబురు.
తాడేపల్లి వంపులో
నేను అనుకోవడమూ అది తిరగడమూ
ఒకటే అయ్యాయి.
ముల్లు అరవై దగ్గర నిజమే చెప్పింది.

పటమటలో గేటు తీస్తూ
వాచ్‌మన్ అప్పలకొండ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.
"కారు కడిగించారా అమ్మా?"

అవునన్నాను.