అద్దె లెక్క

చిత్తూరు పాత బస్టాండు వెనకాల
సైకిలు షాపుకీ సోడా బండికీ సందులో
మా నాయన మునిరత్నం పెట్టిన అద్దె పుస్తకాల కొట్టు.
ఒక తలుపు రెక్క, రెండు దారాలు, అంతే.

ఎడమ దారానికి శరభ వారి బొమ్మల కథలు
కుడి దారానికి తారాజువ్వ వారివి
నడిమధ్య స్టూలు మీద నేను,
ఒళ్ళో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.

పావలాకి గంట. చదివేది ఆడనే, బెంచీ మీద.
ఇంటికైతే అర్ధరూపాయి.
పేజీ చినిగితే మా నాయన చూపు అదనం.

సంతపేట పిలకాయలు శరభ.
గిరింపేట పిలకాయలు తారాజువ్వ.
ఎవురు పంచినారో తెలీదు,
ఇంటిపేరు మాదిరి పుట్టుకతోనే వచ్చినట్టుండేది.

"మా ఉక్కుపిడికిలి ఒక్క గుద్దు గుద్దితే
మీ గాజుకళ్ళ గూఢచారి గుడియాత్తంలో పడతాడు!"
"పడనీ. పడిన చోటే గుట్టు కనిపెడతాడు,
మీవాడికి గుద్దేదే గానీ చదివేది రాదు కదప్పా!"
"మాది నాలుగు రంగులు!"
"ఆ రంగు చేతికంటుకోని
సంగటి ముద్ద కూడా నీలంగా ఉంటాది!"

శరభ వారు అట్ట మీద లక్ష ప్రతులు అని వేస్తే
మరు నెల తారాజువ్వ వారు లక్షా పదివేలు అని వేసినారు.
లక్ష అంటే ఎంతో మాకెవురికీ తెలీదు.
తోతాపురి కాయలు లారీలో పోతావుంటే
"అన్ని" అని చెయ్యి చూపించుకున్నాం.

మాకు తెలిసిన లెక్క శనివారం లెక్క.
సాయంత్రం నేను నోటుబుక్కు తెరిస్తే
సోడా కొట్టే ఆయప్ప కూడా గోలీ నొక్కకుండా ఆగేవాడు.
శరభ నూట పన్నెండు.
తారాజువ్వ నూట తొమ్మిది.
ఆ మూడు కోసం వేలాయుధం
మూడు దినాలు తల దించుకోని బడికి పోయినాడు.
నాలుగోనాడు అవ్వ వక్కాకు డబ్బులు ఎత్తుకొచ్చి
ఒకే పుస్తకం తొమ్మిదిసార్లు అద్దెకి తీసుకున్నాడు,
తెరవకుండా తొమ్మిదిసార్లు తిరిగిచ్చినాడు.

నోటుబుక్కుకి తెలిసింది ఇంగొకటి ఉండాది.
మంగళవారం మధ్యాన్నం, ఎండకి వీధి చచ్చిపోయినప్పుడు,
శరభ తరపున అందరికన్నా పెద్దగా అరిచే ఖాదర్ వలీ
"మా అక్క అడిగింది" అని తారాజువ్వ తీసుకోని
చొక్కా లోపల పెట్టుకోని పోయేవాడు.
ఖాదర్ వలీకి అక్క లేదు.
వేలాయుధమేమో "తప్పులు పట్టేదానికి" అని
శరభ పుస్తకం బెంచీ కింద దూరి చదివినాడు.
తప్పులు పట్టేవాడు అట్ల నవ్వడు.

రాసుకున్నా. ఎవురికీ చెప్పలే.
పదమూడేండ్లకి నా చేతికొచ్చిన మొదటి అధికారం అది.

ఇది మాత్రం మా నాయనకి కూడా చెప్పలే:
కొన్ని శనివారాలు నేనే లెక్క మార్చినా.
ఒక పేట మరీ గెలిస్తే రెండో పేట వచ్చేది మానేసేది,
గెలిచినోళ్ళకీ నోట్లో మాట ఎండిపోయేది,
డబ్బాలో పావలాలు తగ్గేవి.
అందుకని ఒకటికి టోపీ పెట్టి ఏడు చేసినా,
మూడుని మూసి ఎనిమిది చేసినా.
వ్యాపారం అనుకున్నా అప్పుడు.
కాదేమో. బెంచీ నిండుగా ఉంటే చూసుకోవాలని ఒక యావ.

ఒక నెల శరభ వారి కట్ట బస్సులో రాలేదు.
మరు నెలా రాలేదు.
ఏజెంటు కార్డు ముక్క రాసినాడు,
బాకీ ఎంతో రాసి, కింద "ఇంతటితో" అని.

ఆ శనివారం చదివినా:
తారాజువ్వ అరవై నాలుగు. శరభ సున్నా.
గిరింపేట గెలిచింది.
ఒక్కడూ అరవలేదు.
ఖాదర్ వలీ చెప్పుతో మట్టి గీకతా ఉన్నాడు.
వేలాయుధం లేచొచ్చి, పావలా నా ముందర పెట్టి
"శరభది పాతదేదన్నా ఉంటే ఇయ్యి" అన్నాడు.
"లెక్కలో రాయి. వాళ్ళకి వినపడేటట్టు రాయి."

రాసినా. ఒకటి.
దానికి టోపీ పెట్టలే.