ఆరు మిల్లీమీటర్లు

సైమా సరస్సు ఒడ్డున జూన్‌లో
రాత్రి పదకొండైనా వెలుగు పోదు.
షెడ్డు తలుపులు బార్లా తీసి
జెట్ స్కీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని
మూడో రోజూ అదే పని:
పంపు ఎత్తడం, నెట్టడం, తిట్టడం.

పంపుకీ పడవకీ మధ్య ఆరు మిల్లీమీటర్లు.
స్కేలు పెట్టి చూశాను.
నమ్మకం కుదరక, మా ఆవిడ కుట్టుపని టేపుతోనూ చూశాను.
ఆరే.

పాత షాఫ్టు పళ్ళు అరిగి నున్నబడ్డాయి.
గ్యాస్ ఇచ్చినప్పుడల్లా ఇంజిన్ గర్జించేది,
పడవ మాత్రం
పీటల మీద అలిగిన పెళ్ళికొడుకులా కదిలేది కాదు.
అందుకే లాపెన్‌రాంతలో ఓస్మో అనే ఆయన దగ్గర
ఈ రెండో చేతి షాఫ్టు కొన్నాను.
పాత దినపత్రికలో చుట్టి ఇచ్చాడు.
రసీదు లేదు, మాటలూ లేవు.

మొదటి రోజు గ్రీజుని అనుమానించాను.
రెండో రోజు ఇంజిన్ కింది దిమ్మల్ని.
కుంగాయేమో, వరస తప్పిందేమోనని
టార్చి నోట కరుచుకుని పొట్ట మీద పాకాను.
ఇంపెల్లర్ని చేత్తో కాస్త కాస్త తిప్పుతూ ఉంటే
పన్నుకి పన్ను అందింది, టిక్కుమంది, దిగింది.
దిగి, సరిగ్గా ఆ ఆరు దగ్గర
మొండికేసిన ఎద్దులా ఆగింది.

మూడో రోజు ఓస్మోని అనుమానించాను.
అన్నిటికన్నా అదే తేలిక.
ఫోన్ చేసి, వేరే మోడల్‌ది అంటగట్టావన్నాను.
దొంగ అనలేదు గానీ
ఆ మాట చుట్టుపక్కల ఉండేవన్నీ అన్నాను.
అటువైపు చాలాసేపు ఏమీ లేదు.
ఎక్కడో కుక్క మొరిగింది.
"కొలిచి చూడు" అని పెట్టేశాడు.

కొలవలేదు.
నాలుగు నట్లూ బిగించి లాగేద్దామని
రెంచి అందుకున్నాను.
అప్పుడొచ్చింది పక్క రేవు నుంచి ఔలిక్కి,
ముప్పై ఏళ్ళు పడవల ఇంజిన్లు విప్పిన మనిషి,
చేతిలో కాఫీ, కాళ్ళకి తడి బూట్లు.
"బిగించు" అంది. "అతుక్కుంటుంది.
ఆ ఆరూ ఎక్కడికో పోవాలి కదా,
ఇంజిన్ వెన్నులోకి పోతాయి.
ఆగస్టులో మళ్ళీ పిలుద్దువుగాని."

రెంచి కింద పెట్టాను.

రెండు షాఫ్టుల్నీ బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టి
కొసలు చెక్కకి ఆనించింది.
వెంట్రుకంత తేడా లేదు.
నా చెవులు వేడెక్కాయి.
కొత్తదాని చివర కొత్త రబ్బరు టోపీ,
నేనే తొడిగాను, ముద్దుగా.
పాతదాని చివర బోసి.
"దీని టోపీ ఏది?" అంది.
"ఏ టోపీ?"

చెవిలో చీమ దూరిన పిల్లాణ్ణి పట్టుకున్నట్టు
పంపుని ఒళ్ళో పెట్టుకుని
ఇంపెల్లర్ గొంతులోకి వంకర తీగ పోనిచ్చి
కళ్ళు మూసుకుని తడిమింది.
వచ్చింది. నల్లగా, బొత్తాంలా నలిగి,
ఏళ్ళ తరబడి చీకట్లో కూర్చున్న రబ్బరు బిళ్ళ.
నా అరచేతిలో పెట్టింది.
స్కేలు కోసం చూశాను. వద్దంది.

చంకలో పిల్లని పెట్టుకున్నవాడు
ఊరంతా వెతికాడంతే.
నేను ఊరిమీద కేసు పెట్టాను.

తర్వాత పంపు ఒక్క నెట్టుకి వెళ్ళి
వీపు ఆనించి కూర్చుంది.
నట్లు వేళ్ళతోనే తిరిగాయి.
ఔలిక్కి చల్లారిన కాఫీని గడ్డిలో పారబోసి వెళ్ళిపోయింది.

పన్నెండు దాటింది. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది కదా అని
ఓస్మోకి ఫోన్ చేశాను.
క్షమాపణ పొడుగ్గా తయారుచేసుకున్నాను,
సగంలోనే అడ్డొచ్చాడు.
"ఎంత?"
"ఏమెంత?"
"సందు."
"లేదు. ఏమీ లేదు."
"మ్" అన్నాడు. ఈసారి కుక్క మొరగలేదు.
"నీళ్ళలో దించే ముందు
సీలు దగ్గరి క్లిప్పు గాడిలో కూర్చుందో లేదో చూసుకో."

టార్చి నోట కరుచుకుని
మళ్ళీ పొట్ట మీద పాకాను.

కూర్చోలేదు.