సగం దించిన షట్టర్

కాజీపేట చౌరస్తాల రాత్రి తొమ్మిది దాటినంక
దుకాణం షట్టర్ సగం దించిన.
అప్పుడు సమజైంది ఫిల్టర్ అంటే ఏందో.

లారీ హారన్ల అంచులు రేకు కాడ్నే ఆగిపోయినయి.
బొంగురు మాత్రం కింది సందుకెల్లి పాకింది లోపలికి,
ఇంజన్ల కడుపుల మోత, గూడ్సుబండి నడుం నొప్పి.
ఇంకో జానెడు దించిన,
రోడ్డు దుప్పటి ముసుగేసుకొని మాట్లాడినట్టయింది.
పదకొండేండ్ల సంది ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్న,
రోజూ దించేదే గీ షట్టర్.
ఎన్నడు చెవి పెట్టలే.

బల్ల మీద నా సొంత డబ్బా:
మిఠాయి డబ్బా రేకు, నాలుగు నాబులు,
రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు.
లోపల ఒక ట్రాన్సిస్టర్ను ఉల్టా కట్టిన.
ఉల్టా కడితే అది ఊకోదు, ఒర్రుతది,
కాలిన పెనం మీద నీళ్లు సల్లినట్టు,
స్టేషన్ దొరకని రేడియో లెక్క.
లోకంల ఉన్న సప్పుళ్లన్ని అందుల్నే ఉన్నయి,
ఒక్కటి గూడ గుర్తువట్టరాదు.

ఎనుమాముల యార్డుల మిర్చి కుప్ప యాదికొచ్చింది.
తాలు, తొడిమె, మన్ను, ఘాటు, అంతా ఒక్కటే ఎరుపు.
కుప్ప ముంగట గొంతుక్కూసున్న కనకవ్వ
మంచి కాయను ముట్టనే ముట్టది,
కానిదాన్ని తీసి ఎనుకకు ఇసురుతది, దగ్గుకుంట.
పొద్దూకేసరికి మిగిలిందే మిర్చి.

నేను గంతే. నాబు ఎడమకు తిప్పిన,
సుయ్యిమనేది పోయింది, వాన ఊరవతలికి నడిసినట్టు.
అడుగు గూడ కోసిన,
నడుమ సన్నటి గాలి మిగిలింది, పైపుల ఊదినట్టు.
మూడో నాబు పెంచంగ పెంచంగ
ఆ గాలికి గొంతు మొలిసింది.
ఇగ పొడుగు నరకాలె:
ఠక్కున లేసి రెప్పపాటుల పడిపోవాలె.
పొట్టిగ కోస్తే సిటికెపుల్ల.
జర ఇడిస్తే గజ్జెలు.
ఇంకా ఇడిస్తే, ఎవలో చాటల బియ్యం చెరుగుతున్నరు.

ప్యాడ్ వైరు తెగిందని ఓదెలు వచ్చిండు.
పరకాల దిక్కు పెండ్లిళ్లల్ల తీన్మార్ కొడ్తడు,
మెడల డప్పు దిగి ప్యాడ్ ఎక్కి నాలుగేండ్లు.
"ఇనరాదే" అని నా డబ్బా డప్పు ఇనిపిచ్చిన.
తల ఒంచి ఇన్నడు. మల్లోసారి కొట్టుమన్నడు.
"పచ్చిగున్నది."
"అంటే?"
"సలికాలం తోలు. కాగలే. మంటకు వట్టు."

నా కాడ సోల్డరింగ్ కడ్డీ తప్ప మంటేడిది?
ఆయన చెయ్యి తీసి నాబు మీద పెట్టిన.
మొదలు తిప్పలే.
వేడి చూసినట్టు అరచెయ్యి ఆనిచ్చి ఊకున్నడు.
అటెన్క మెల్లగ,
గడ్డిమంట మీద పలకను తిప్పినట్టు, కుడికి.
నేను కొడుతున్న, ఆయన కాపుతున్నడు.
లేని తోలు బిగిసింది.
"గాడ్నే, గాడ్నే" అన్నడు, నాతోని గాదు.
ఇంకో ఎంట్రుకవాసి పోతే పలుగుతదట.

హెర్ట్జుల లెక్కలు రాసుకున్న కాయిదం సూపిచ్చిన.
సదువుకోని కండ్లతోని చానసేపు సూసిండు.
"మా నాయిన వరిగడ్డి మంటకొకతీరు,
కందికట్టె మంటకొకతీరు అనేటోడు.
రాయలే యాడ గూడ."

వైరు అతికిచ్చిన. ముప్పయి ఇచ్చిండు, తీసుకోనంటే ఇనలే.
షట్టర్ లేపబోయి, దాని కిందనే ఒంగి నిలవడి అడిగిండు:
"సావుకు గూడ కొడ్తదానే ఇది?"

ఏ నాబు అని చెప్పాలె?
ఒకటో దాని మీద ఏలు పెట్టిన, తీసిన.
ఆయన షట్టర్ లేపిండు.
రోడ్డు మొత్తం ఒక్కసారే లోపల పడ్డది,
హారన్లు, కుక్కలు, టీకొట్టు గిలాసలు,
గా గూడ్సు ఇంకా పోతనే ఉన్నది.