రెండువందల పద్నాలుగో పేజీ

డన్‌ఫర్మ్‌లిన్‌లో మూడో అంతస్తు.
రేడియేటర్ మీద ఆరేసిన మేజోళ్ళు,
బల్ల మీద తక్ బున్‌రే నవల.
ఇసోబెల్ మక్రే తొమ్మిది రోజులుగా
ఒకే వాక్యం దగ్గర ఆగిపోయి ఉంది.

వాక్యం చిన్నదే.
రాత్రి. గుమ్మం. బొగ్గు దిమ్మలు రెండు. పెట్టి వెళ్ళడం.
ఎవరో లేదు.
ఆడో మగో అసలే లేదు,
కొరియన్ క్రియకు ఆ ఆరా ఎప్పుడూ అవసరం పడలేదు.

తెబెక్ గనుల ఊళ్ళో ఒక చలికాలం.
సొరంగం కూలి మొగుడు పోయినావిడ
పొద్దున్నే తలుపు తీస్తే
మంచు మీద నల్లగా రెండు దిమ్మలు,
ఒక్కోదానికి ఇరవైరెండు కన్నాలు,
సాయంత్రం దాకా నేల వెచ్చగా ఉంచేటన్ని.
నలభై పేజీల పొడుగునా
వస్తారు, పెడతారు, పోతారు.
ఊరంతా ఊహిస్తుంది.
ఆవిడ మాత్రం పొయ్యి రాజేసుకుంటుంది.

మనమైతే ‘వచ్చారు’ అనేసి
గౌరవం చాటున దాచేద్దుం.
ఇంగ్లీషు గుమ్మంలో కాపలావాడు అడ్డం నిలబడి
అతనా, ఆమెనా అంటాడు.
చెప్పందే లోపలికి పోనివ్వడు.

‘అతను’ అని రాసింది మొదట.
కథ అక్కడే మైలపడింది.
ఒంటరి ఇల్లు, అర్ధరాత్రి, ఒక మగాడు.
ఊరి గుసగుసల కింద
తనే సాక్షి సంతకం చేసినట్టయింది.
కొట్టేసి ‘ఆమె’ అంది.
పొరుగింటి జాలి. చల్లారిన అన్నంలా ఉంది.
‘వాళ్ళు’ అని మార్చి లండన్ పంపితే
సంపాదకురాలు ప్రిసిల్లా అంచున రాసింది:
రెండు దిమ్మలు మొయ్యడానికి ఎంతమంది వచ్చారు?

ఇసోబెల్ పగలబడి నవ్వింది.
తర్వాత నవ్వినందుకు కోపమొచ్చింది.
ఈ వాక్యానికి వచ్చే డబ్బుని
తొమ్మిది రోజులకి పంచితే
రోజుకో టీ కూడా రాదు.

పుస్తకాల అర వెనక
పాత పత్రికలో చుట్టిన దిమ్మ ఒకటుంది,
తెబెక్ నుంచి తెచ్చింది,
విమానాశ్రయంలో ఇదేమిటని ముగ్గురు అడిగారు.
దాన్ని కుడిచేత పట్టుకుని,
రెండోదానికి బదులు
దాదాపు అంతే బరువున్న నిఘంటువు ఎడమచేత పట్టుకుని
అర్ధరాత్రి మెట్లు దిగింది.
వీధి తలుపు దగ్గర ఆగింది.

రెండు చేతులూ నిండుంటే
తలుపు తట్టడం కుదరదు.
వంగి పెడితే చప్పుడవుతుంది.
చప్పుడు కాకుండా పెట్టాలంటే
మోకాలు నేల కానించాలి.
ఆనించింది. తడి గౌనులోకి పాకింది.
కింది వాటాలోని కుక్క ఒక్కసారి మొరిగి
సర్లే అనుకుంది.

అక్కడ అప్పటికి తెల్లవారింది.
ఎనభై మూడేళ్ళ బున్‌రే ఫోన్ ఎత్తి
వెల్లుల్లి ఒలుస్తున్నానంది.
“ఎవరు పెట్టారండీ?”
“ఏమో తల్లీ. మా అమ్మ ‘వచ్చి వెళ్ళారు’ అనేది, అంతే.
నేను గోడ వారన పడుకునేదాన్ని.”
వెల్లుల్లి పొట్టు చప్పుడు కాసేపు.
“మోకాలు మాత్రం టక్కుమనేది.
రోజూ. మంచులో.
అది రాయలేదా నేను?”
“లేదండీ.”
“రాశాననుకున్నానే.
నువ్వు రాసెయ్యి.”

రాయొచ్చా?
రచయిత్రి మరిచిపోయిన మోకాలు
అనువాదంలో లేచి నిలబడొచ్చా?
ఇసోబెల్ మసి చేతులతోనే
పేజీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూచుంది.
ఆ తర్వాత రాసింది:
బయట మంచులో ఒక మోకాలు టక్కుమంది.
తెల్లారేసరికి గుమ్మంలో బొగ్గు దిమ్మలు రెండు.

మోకాలికి ఆడా లేదు, మగా లేదు.
వయసొక్కటే ఉంది.

ప్రిసిల్లా ఏమంటుందో రేపు చూడాలి.
పేజీ తిప్పింది.
రెండువందల పదిహేనులో వాన.
ఆ వానకి బున్‌రే ఒక చప్పుడు పెట్టింది,
తడిసిన గుడ్డని ఎవరో తీరిగ్గా ఈడ్చుకెళ్తున్నట్టు.
ఇసోబెల్ కిటికీ తెరిచి
ఇక్కడి వాన ఏమంటోందో వింటోంది.