పట్టు

తుఫాను వెళ్ళిన మూడో రాత్రి. టెక్కలిలో ఇంకా కరెంటు రాలేదు.
ట్యూషను గదికి ఒకటే కొవ్వొత్తి.
చదువు ఆపేసి గ్యాసు బండలు మోస్తున్న తవిటినాయుడు
గుమ్మంలో నిలబడే అడిగాడు:
"బండలోదీ, బంకులోదీ, ఈ ఒత్తిదీ ఒకటే సరుకన్నారు కదా మేస్టారూ,
ఒకటి పారిపోద్ది, ఒకటి పారుద్ది,
ఇదేటి ఇలాగ గెడ్డకట్టుకుపోనాది?"

వీటిలో ఏ అణువుకీ మిగులు లేదు, అప్పు లేదు.
కానీ ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండే రకం కాదు.
రెప్పపాటు (అదీ చాలా ఎక్కువ)
అన్నీ ఒకవైపు ఒరుగుతాయి
పలాస బస్సు మలుపు తిరిగినట్టు.
ఆ తోపుకి పక్క అణువులోవీ అటే జరుగుతాయి.
ఖాళీ అయిన చోటు, కిక్కిరిసిన చోటు
ఎదురెదురు పడతాయి.
అంతే, ఆ కాస్తే పట్టు.
చెదురుతుంది. మళ్ళీ ఇంకోవైపు.

దూరం రెండింతలైతే
పట్టు అరవై నాలుగో వంతు.
చుట్టరికాలైనా ఇంత తొందరగా సన్నబడవు.

బండలోవి పొట్టివి, మూడు కార్బన్లు, నాలుగు.
ఆనుకునే చోటెంతని?
మైనంలోవి పాతిక, ముప్పై;
పొందూరు చిలపలో పోగుల్లా
ఒళ్ళంతా తగిలేలా పడుకుంటాయి.
ఎక్కడా ముడి లేదు.
గోటితో గీరి చూడు.

గీరాడు. గోరులో తెల్లగా ఇరుక్కుంది.
చాలాసేపు దాన్నే చూసి
కుడి భుజం రుద్దుకున్నాడు.
"అయితే మేస్టారూ,
దానికీ దానికీ పట్టు నేకే కదా
ఇంత ఇనుము నాను మోత్తన్నాను."